దేవుడి గది లేని అద్దె ఇంట్లో దేవుడికి చోటు: ఒక్క మేకు కొట్టకుండా



మన చానల్‌లో పూజ వీడియో పెట్టిన ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తూనే ఉంటుంది. "అక్కా, మాది అద్దె ఇల్లు. ఓనర్ గోడకి మేకు కొట్టనివ్వరు, గడపకి పసుపు రాయనివ్వరు, పొగ పెట్టనివ్వరు. మరి మేము పూజ ఎలా చేసుకోవాలి?" వీడియోలో రెండు మాటల్లో చెప్పేసే విషయం కాదిది. అందుకే ఈసారి పోస్ట్ రాస్తున్నాను. నేనేమీ పండితురాలిని కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. పెళ్లయ్యాక మేము మారిన రెండు అద్దె ఇళ్లలో నేను చేసిన తప్పు, నేర్చుకున్న పాఠం, దాంతోపాటు పనికొచ్చే కిటుకులు చెప్తాను.

ముందు తప్పు గురించి

మా నాన్నగారు నా పెళ్లికి నగలతో పాటు ఒక టేకు మందిరం చేయించి ఇచ్చారు. రాజమండ్రిలో మాకు తెలిసిన వడ్రంగి దగ్గర నెల రోజులు కూర్చుని చేయించారు. రెండు అడుగుల ఎత్తు, పైన చిన్న గోపురం, కింద ఒక సొరుగు, వెనకాల గోడకి తగిలించడానికి రెండు ఇత్తడి కొక్కేలు. పెళ్లయిన ఏడాదికి నాన్న పోయారు. అప్పటినుంచి అది నాకు వట్టి మందిరం కాదు.

కూకట్‌పల్లిలో మా మొదటి అద్దె ఇంట్లో దిగిన రోజే డ్రిల్లింగ్ మెషిన్‌తో హాల్లో గోడకి రెండు చిల్లులు పెట్టి మందిరం తగిలించేశాం. అగ్రిమెంట్‌లో "గోడలకు రంధ్రాలు చేయరాదు" అని ఉందని మాకు తర్వాత తెలిసింది. తర్వాత అంటే ఖాళీ చేసే వారం ముందు. అప్పటికి దీపం మసితో గోడ మీద అరచేతి వెడల్పున నల్లటి చార కూడా ఉంది.

ఏం చేశామో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. చిల్లుల్లో తెల్ల టూత్‌పేస్ట్ కూరి, గీరి, సమం చేశాం. మసి మీద తెల్ల చాక్‌పీస్ పొడి రుద్దాం. ఓనర్ అంకుల్ వచ్చి చూశారు, ఇల్లు బాగానే ఉంచుకున్నారమ్మా అన్నారు, అడ్వాన్స్ పూర్తిగా ఇచ్చేశారు. మేము గెలిచామనుకున్నాం.

నెల తర్వాత ఆయనే ఫోన్ చేశారు. కొత్తవాళ్ల కోసం రంగులు వేయిస్తుంటే పేస్ట్ ఊడి పడిందట, మసి మీద రంగు పట్టలేదట, ఆ గోడకి మళ్లీ పుట్టీ పెట్టాల్సి వచ్చిందట. డబ్బు అడగలేదు. తిట్టలేదు. "చెప్పి ఉంటే బాగుండేది కదమ్మా, దేవుడి కోసమే కదా చేశారు" అన్నారు. అంతే. పెయింటర్ కూలీ ఎంతయిందో కనుక్కుని ఆ సాయంత్రమే పంపించాం. కానీ ఆ మాట మాత్రం తిరిగి పంపించలేకపోయాం.

రెండో ఇల్లు, డ్రిల్లింగ్ మెషిన్, అమ్మ

ఇప్పుడు మేముండేది నిజాంపేటలో. రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు, దేవుడి గది లేదు. పై అంతస్తులోనే ఓనర్ ఆంటీ ఉంటారు. దిగేటప్పుడే షరతులు చెప్పారు. మేకులు, డ్రిల్లింగ్ వద్దు. తలుపులకి, గోడలకి స్టిక్కర్లు వద్దు. గడపకి పసుపు వద్దు, అది పాలిష్ చేసిన టేకు గడప. కారిడార్‌లో రంగు ముగ్గులు వద్దు. ఇంట్లో హోమం వద్దు. ఈసారి అగ్రిమెంట్ మొత్తం చదివాం, సంతకం పెట్టాం.

నెల రోజులు నాన్న మందిరం పాత దుప్పటి చుట్టుకుని సజ్జ మీద ఉంది. దేవుడి పటాలు వంటింటి అల్మారాలో, పప్పుల డబ్బాల పక్కన. శ్రావణం వచ్చింది. మా అమ్మ వరలక్ష్మీ వ్రతానికి రాజమండ్రి నుంచి వచ్చి, ఇల్లంతా తిరిగి చూసి, ఏమీ అనకుండా అల్మారా ముందు నిలబడిపోయింది. అమ్మ ఏదో ఒకటి అని ఉంటే నయం అనిపించింది.

ఆ రాత్రి మా వారు ఆఫీస్ ఫ్రెండ్ దగ్గర డ్రిల్లింగ్ మెషిన్ తెచ్చారు. "రెండే చిల్లులు. మందిరం వెనకాలే కదా, ఎవరికి కనిపిస్తాయి? ఖాళీ చేసేటప్పుడు ఈసారి మంచి పుట్టీ పెడదాం" అన్నారు. నేను కూడా సరే అన్నాను. నిజం చెప్పాలంటే మెషిన్ ప్లగ్ పెట్టింది నేనే.

అమ్మ లేచి వచ్చి చూసింది. "ఓనరమ్మ ఒప్పుకుందా?" అంది. లేదన్నాను. "దీపం ముందు పెట్టి, దొంగ పని వెనకాల పెడతావటే?" అంది.

ప్లగ్ తీసేశాను. తర్వాత ముగ్గురం హాల్లో కింద కూర్చున్నాం. అప్పుడు అమ్మ గుర్తుచేసింది, నాకు చిన్నప్పటినుంచి తెలిసినా ఎప్పుడూ నాకు అన్వయించుకోని కథ.

స్వామి కూడా అద్దెకున్నవాడే

తిరుమల స్థలపురాణం ప్రకారం ఆ కొండ మొదట వరాహస్వామిది. అందుకే దాన్ని ఆదివరాహ క్షేత్రం అంటారు. శ్రీనివాసుడు భూలోకానికి వచ్చాక ఉండటానికి చోటు కావాలని వరాహస్వామిని అడిగాడు. మరి వెల ఏమిస్తావు అని వరాహస్వామి అడిగాడు. లక్ష్మీదేవి దగ్గర లేదు, చేతిలో డబ్బు లేదు. అప్పుడు స్వామి ఒక మాట ఇచ్చాడు: నా దగ్గరికి వచ్చే భక్తులు ముందు నీ దర్శనం చేసుకుంటారు, నైవేద్యం కూడా ముందు నీకే జరుగుతుంది. ఆ షరతు మీద చోటు దొరికింది.

ఇవాళ్టికీ తిరుమల వెళ్తే ముందు పుష్కరిణి ఒడ్డున ఉన్న వరాహస్వామిని చూసుకుని, తర్వాతే శ్రీవారి దర్శనం చేసుకోవాలనేది సంప్రదాయం. మనం లైన్ తొందరలో మర్చిపోతాం కానీ, స్వామి ఇచ్చిన మాట అది. నైవేద్యం విషయంలోనూ ముందు వరాహస్వామికే అనే ఆనవాయితీ నడుస్తోంది.

ఆలోచించండి. అంత పెద్ద దేవుడు, లోకాలన్నీ ఆయనవే అంటాం. ఆయన కూడా చోటు ఉన్నవారిని అడిగి, షరతు ఒప్పుకుని, ఒప్పుకున్నదాన్ని ఇప్పటివరకు నిలబెట్టుకుంటున్నాడు. పైగా పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు కూడా చేశాడు. అంటే మనలాగే అద్దె, ఈఎంఐ రెండూ ఉన్న స్వామి! అలాంటి స్వామి పటాన్ని ఓనర్‌కి తెలియకుండా కొట్టిన మేకుకి తగిలిస్తే ఎలా?

నాకు ఆ రాత్రి అర్థమైంది ఇదే. ఓనర్ షరతులు నా పూజకి అడ్డం అనుకున్నాను. కానీ ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం కూడా పూజలో భాగమే. అది చేశాక అలంకారం ఎంత చిన్నదైనా ఫర్వాలేదు. భగవద్గీత 9వ అధ్యాయం 26వ శ్లోకంలో కృష్ణుడు అడిగింది కూడా ఆకు, పువ్వు, పండు, నీళ్లు, వాటి వెనక భక్తి. డ్రిల్లింగ్ అడగలేదు.

ఇంకో సంగతి. అద్దె ఇల్లే కదా, ఎలా ఉంటే ఏంటి అని వదిలేయడం కూడా సరికాదు. రామాయణం అరణ్యకాండలో పంచవటిలో లక్ష్మణుడు పర్ణశాల కట్టాడు. ఉండేది కొద్దికాలమే అని తెలుసు. అయినా గోదావరిలో స్నానం చేసి, పద్మాలు, పళ్లు తెచ్చి, పూలతో పూజ, శాంతి చేశాకే అన్నావదినలకి ఆ కుటీరం చూపించాడు. కొద్దికాలం ఉండే చోటు కూడా శ్రద్ధకి తగినదే.

ముందు అడగండి

మర్నాడు పొద్దున్నే అమ్మా, నేనూ పైకి వెళ్లాం. "ఆంటీ, మేకులు కొట్టం. కానీ మా మందిరం ఎలా పెట్టుకోవాలో మీరే ఒక దారి చెప్పండి" అన్నాను. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి అసలు కారణం చెప్పారు. ఇదివరకు అద్దెకున్నవాళ్లు టీవీ కోసం డ్రిల్ చేస్తే అది గోడ లోపలి నీళ్ల పైపుకి తగిలిందట. గోడంతా తవ్వి, కింద ఫ్లాట్ సీలింగ్ కూడా బాగుచేయించాల్సి వచ్చిందట. ఇప్పటి ఇళ్లలో కరెంటు వైర్లు, నీళ్ల పైపులు గోడల్లోనే దాచేస్తారు కదా. స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా, బాత్‌రూమ్‌కి ఆనుకున్న గోడల్లో ఎక్కడ ఏముందో మనకి తెలియదు. ఆవిడది మొండితనం అనుకున్నాను. భయం అని అప్పుడు తెలిసింది.

తర్వాత ఆవిడే, "సెల్లార్‌లో మా కిచెన్ టైల్స్ మిగిలినవి ఉన్నాయి, దీపం వెనకాల పెట్టుకో" అని ఇచ్చారు. అడక్కపోతే ఆ టైల్ నాకు దొరికేది కాదు.

మీరు అడిగేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోండి.

ఒకటి, సాధారణంగా అద్దె అగ్రిమెంట్లు 11 నెలలకి రాస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటే లీజుని రిజిస్టర్ చేయించాలి, అందుకే ఆ 11 నెలల అలవాటు. అంటే ప్రతి ఏడాదీ షరతులు మాట్లాడుకునే అవకాశం ఒకటి వస్తుంది. పూజ విషయం అప్పుడే మాట్లాడుకోవడం మంచిది, పండగ ముందు రోజు కాదు.

రెండు, "పూజ చేసుకోవచ్చా" అని అడగకండి. దానికి ఎవరూ వద్దనరు. "దీపం ఇక్కడ పెడతాం, వెనకాల టైల్ పెడతాం, తోరణం గ్రిల్‌కి కడతాం, ముగ్గు పలక మీద వేస్తాం" అని పనులు విడివిడిగా చెప్పండి. దేనికి అభ్యంతరమో తెలుస్తుంది.

మూడు, మాట్లాడాక వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. నేను పెట్టింది ఇది: "ఆంటీ, నమస్తే. ఇందాక అనుకున్నట్టు మందిరం స్టాండ్ మీద పెడుతున్నాం, గోడకి ఏమీ తగిలించడం లేదు. తోరణం బయటి గ్రిల్‌కి మాత్రమే. ఇంకేమైనా చేయాల్సి వస్తే ముందు మిమ్మల్ని అడుగుతాం." ఇది వాళ్లకీ ధైర్యం, మనకీ రుజువు. దిగిన రోజే అన్ని గోడలూ, గడపా, ఫ్లోర్ ఫొటోలు తీసి అదే చాట్‌లో పెడితే ఇంకా మంచిది. మనకంటే ముందున్న మరక మన ఖాతాలో పడదు.

మందిరం ఎక్కడ, ఎలా

గోడకి తగిలించే మందిరాన్ని నేల మీద నిలబడేలా మార్చడమే అసలు కిటుకు. మేము నడుము ఎత్తు ఉన్న గట్టి షూ రాక్ లాంటి చెక్క బీరువా ఒకటి కొత్తది కొన్నాం. కొత్తది అని ఎందుకు చెప్తున్నానంటే చెప్పులు పెట్టినదాని మీద మందిరం పెట్టడం అమ్మకి ఇష్టం లేదు, నాకూ లేదు. కింద అరల్లో పూజ సామాను, పైన మందిరం. మధ్యలో పట్టు ఉండే రబ్బరు మ్యాట్ ముక్క వేస్తే జారదు. బరువు వెనక్కి ఉండేలా గోడకి దగ్గరగా పెట్టండి, కానీ రెండు వేళ్ల సందు వదలండి. గోడకి చెమ్మ, గీతలు అంటవు. ఇంట్లో పాకే పిల్లలుంటే ఎత్తు బీరువా వద్దు, లాగితే మీద పడుతుంది. అలాంటప్పుడు వెడల్పాటి, పొట్టి పీటే క్షేమం.

తూర్పు, ఈశాన్యం అని పెద్దలు చెప్తారు. కుదిరితే అలాగే పెట్టండి. కుదరకపోతే దాని గురించి దిగులు పెట్టుకోకండి. శుభ్రంగా, ప్రశాంతంగా, నడిచే దారికి అడ్డం కాకుండా, బాత్‌రూమ్ గోడకి ఆనకుండా ఉండే చోటు చూసుకోండి. వంటింట్లో ఒక అర తప్ప ఇంకేదీ లేనివాళ్లు ఆ అరని పూర్తిగా దేవుడికి వదిలేయండి. ఒక చిన్న కర్టెన్ చాలు, అది ప్రత్యేకమైన చోటు అయిపోతుంది.

చిన్న పటాలకి అతికించే స్ట్రిప్‌లు వాడొచ్చు, ఓనర్ ఒప్పుకుంటేనే. గోడ దుమ్ము తుడిచి, అర నిమిషం గట్టిగా నొక్కి, గంట ఆగి పటం తగిలించాలి. ప్యాకెట్ మీద రాసిన బరువు దాటకూడదు. సున్నం, డిస్టెంపర్ గోడలకి, కొత్తగా రంగు వేసిన గోడలకి వాడొద్దు, పొర ఊడి వస్తుంది. తీసేటప్పుడు ముందుకి కాకుండా, గోడ వెంబడి కిందికి నెమ్మదిగా లాగాలి. అద్దం ఉన్న బరువైన పటాన్ని మాత్రం దీపం పైన ఇలా వేలాడదీయకండి.

దీపం, మసి, పొగ

మసి ఎందుకొస్తుంది? నూనె పూర్తిగా కాలకపోతే వస్తుంది. వత్తి లావుగా, పొడుగ్గా ఉన్నా, ఫ్యాన్ గాలికి మంట ఊగినా మసి ఎక్కువ. వత్తి చివర కొంచెమే బయటికి ఉంచండి, మాడిన కొస తీసేయండి, పూజ సేపు ఫ్యాన్ ఆపండి. సగం మసి అక్కడే తగ్గుతుంది. మిగతా సగానికి ఆంటీ ఇచ్చినలాంటి టైల్ వెనకాల నిలబెట్టండి. వారానికోసారి సబ్బు నీళ్లతో తుడిస్తే సరిపోతుంది. మందిరం లోపల, చెక్క పైకప్పు కింద దీపం వద్దు. ముందు ఒక ఇత్తడి పళ్లెం పెట్టి, అందులో దీపం పెట్టండి. నూనె కారినా పళ్లెంలోనే ఉంటుంది.

ఇది ముఖ్యం, ఎందుకంటే మార్బుల్ నూనెని పీల్చుకుంటుంది, ఆ మరక పోదు. అలాగే మార్బుల్ అంటే కాల్షియం కార్బొనేట్. చింతపండు, నిమ్మకాయ పులుపు తగిలితే దాని మెరుపు పోతుంది. ఇత్తడి సామాను మార్బుల్ మీద పెట్టి తోమకండి, స్టీలు సింక్‌లో తోముకోండి. పంచామృత అభిషేకం కూడా లోతైన పళ్లెంలోనే చేయండి.

కర్పూరం మంట మసి ఎక్కువ ఇస్తుంది. అందుకే హారతిని గోడకి దూరంగా, హాల్ మధ్యలో నిలబడి ఇస్తాం. సాంబ్రాణి బాల్కనీలో, మట్టి మూకుడులో వేస్తాం. అపార్ట్‌మెంట్‌లో పొగని పసిగట్టే అలారం ఉంటే దానికి కవర్ కట్టే పని ఎప్పుడూ చేయకండి. హోమం చేయాలనుకుంటే గుడిలో చేయించుకోవడం సులువు, లేదా టెర్రస్ మీద అసోసియేషన్‌ని అడిగి చేసుకోవచ్చు.

ఇంకొక్క మాట. దీపం వెలుగుతుండగా ఇంటికి తాళం వేసి ఆఫీసుకి వెళ్లకండి. కొండెక్కే వరకు ఇంట్లో మనిషి ఉండాలి. టైమ్ లేదంటే నూనె తక్కువ పోయండి.

గడప, తోరణం, ముగ్గు

గడప మీద పసుపు రాయకపోతే అమ్మకి మనసొప్పలేదు. ఆంటీకేమో పాలిష్ భయం. పసుపులోని కుర్కుమిన్ అనే రంగు నీళ్లలో సరిగా కరగదు, అందుకే కడిగినా మరక ఉండిపోతుంది. ఎండ తగిలితే కొంత వెలుస్తుంది కానీ అపార్ట్‌మెంట్ గడపకి ఎండ ఎక్కడిది?

మాకు దొరికిన దారి ఇది. గడప కొలత తీసుకుని టింబర్ డిపోలో అంత పొడుగు పల్చటి చెక్క పట్టీ కోయించాం. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఆరాక గడప మీద పెడతాం. కింద రబ్బరు మ్యాట్ ముక్కలు రెండు. శుక్రవారం, పండగ రోజుల్లో పెట్టి, పూజయ్యాక తీసి దాచేస్తాం. పెద్దవాళ్లు వచ్చేటప్పుడు కాలికి తగులుతుందేమో చూసుకోండి. అమ్మ ఆ పట్టీ చూసి మొదట నవ్వింది. తర్వాత రాజమండ్రి ఇంట్లో పెట్టినట్టే వంగి, ఒక్కో బొట్టూ తనే పెట్టింది.

మావిడాకుల తోరణానికి మేకు అవసరం లేదు. బయట ఇనప గ్రిల్ తలుపు ఉంటే దానికి దారంతో కట్టేయండి. లేకపోతే రెండు పక్కలా బిగుసుకునే స్ప్రింగు రాడ్‌లు కర్టెన్ షాపుల్లో దొరుకుతాయి, గుమ్మం మధ్య బిగిస్తే చాలు. చెక్క మీద టేప్ మాత్రం వద్దు, పాలిష్‌తో సహా ఊడి వస్తుంది. ఎండిన తోరణాన్ని నెలల తరబడి ఉంచకుండా తీసేసి మొక్కల్లో వేయండి.

ముగ్గుకి వరిపిండి వాడండి. రంగులు పోరస్ టైల్స్ మీద, మార్బుల్ మీద మరక వదులుతాయి. వరిపిండి అయితే చీమలకి ఆహారం, తుడిస్తే పోతుంది. రంగులే కావాలంటే నల్ల రంగు వేసిన ప్లైవుడ్ పలక మీద వేసి గుమ్మం పక్కన పెట్టుకోండి, దారికి అడ్డం రాకుండా. గుమ్మం దగ్గర ముగ్గు స్టిక్కర్లు అంటించేవాళ్లు ఒకసారి అది పీకి చూడండి, ఆ జిగురు వదిలించడానికి ఒక ఆదివారం పడుతుంది.

తులసికి బాల్కనీలో చక్రాల స్టాండ్, కింద లోతైన పళ్లెం. రెయిలింగ్‌కి బయటి వైపు కుండీ వేలాడదీయకండి, కిందివాళ్ల నెత్తి మీద పడే ప్రమాదం ఉంది. నీళ్లు కూడా కిందివాళ్ల బట్టల మీద కారకూడదు కదా.

వ్రతం రోజు

వరలక్ష్మీ వ్రతానికి మండపం ఎలా వేశామంటే, బట్టలు ఆరేసే స్టాండ్ నిటారుగా పెట్టి దాని మీద అమ్మ పట్టుచీర పరిచాం. ముందు రెండు కుర్చీల కాళ్లకి చిన్న అరటి పిలకలు కట్టాం. మధ్యలో పీట, పళ్లెంలో బియ్యం, కలశం. సీరియల్ లైట్లు చీరకి కాకుండా కర్టెన్ రాడ్‌కి చుట్టాం. దీపాలు చీరకి మూడడుగుల దూరంలో పెట్టాం, ఇది మాత్రం తప్పనిసరి. పూజయ్యాక ఉద్వాసన చెప్పి అన్నీ విప్పేస్తే అరగంటలో హాల్ హాల్‌లా అయిపోయింది. గోడ మీద ఒక్క గుర్తు లేదు.

నైవేద్యం అయ్యాక పూర్ణాలు, పులిహోర, శనగలు సర్దుతూ అమ్మ మొదటి పళ్లెం నా చేతికిచ్చి, "ముందు పైకి ఇచ్చి రా" అంది. ఎందుకో అడగలేదు, తెలుసు కాబట్టి. ఆంటీ కిందికి వచ్చి తాంబూలం తీసుకున్నారు. మందిరం ముందు కాసేపు నిలబడి, "మీ నాన్నగారు చేయించిందా? పనితనం బాగుందమ్మా" అన్నారు. వెనకాల గోడని ఆవిడ చూడలేదు. చూసినా నాకు భయం లేదు.

ఆ రోజు సాయంత్రం దీపం పెట్టినప్పుడు నాన్న గుర్తొచ్చారు. కూకట్‌పల్లి ఇంట్లో కూడా రోజూ గుర్తొచ్చేవారు. కానీ ఈసారి ఆయన మొహం చూడగలిగాను.

ఖాళీ చేసే రోజు కోసం

ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇల్లూ వదిలేస్తాం. అప్పుడు ఏదైనా పాడై ఉంటే ముందు మనమే చూపించాలి. టూత్‌పేస్ట్ పని వద్దు, నా అనుభవం చాలు. ఎంత ఖర్చవుతుందో కనుక్కుని మనమే చెప్తే చాలామంది ఓనర్లు మెత్తబడతారు. మెత్తబడకపోయినా మన మాట మనం నిలబెట్టుకున్నట్టే. వెళ్లే రోజు మందిరం ఉన్న చోటు శుభ్రంగా తుడిచి, ఒకసారి దండం పెట్టుకుని బయల్దేరండి. ఇన్నాళ్లూ దీపానికి చోటిచ్చిన మూల అది.

ఈ వారం మీరు చేయగలిగిన పని ఒకటే చెప్తాను. మీ అగ్రిమెంట్ తీసి ఒకసారి పూర్తిగా చదవండి. మీ ఇంట్లో ఓనర్‌కి తెలియని మేకు ఏదైనా ఉంటే, వెళ్లి చెప్పేయండి. ఆ తర్వాత పెట్టే దీపం ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది.

వచ్చే వీడియోలో ఆ చెక్క గడప పట్టీ కొలత దగ్గర్నుంచి చేసి చూపిస్తాను. అందరికీ శుభం కలగాలి.